వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి

సైకిలంత నీచమైన బండి ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. మద్దిలేటి దృష్టిలో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి, చర్చకు తావు లేదు. ఎద్దులబండి తనంతట తాను నిలబడుతుంది. ట్రాక్టరు నిలబడుతుంది. ఆఖరికి తోపుడుబండి కూడా నిలబడుతుంది. సైకిలుకు మాత్రం ఒక గోడో, ఒక స్తంభమో, ఒక మనిషో ఆసరా కావాలి. ఆసరా దొరక్కపోతే దారిన పోయేవాడి కాళ్ల మీద పడుతుంది. తనను తాను నిలబెట్టుకోలేనిదాన్ని నమ్ముకుని ఎక్కేవాడికి బుద్ధి లేదని ఆయన అభిప్రాయం.

ఈ అభిప్రాయం ఆయనకు పెళ్లైన కొత్తలో, అత్తగారింటి వాకిట్లో కలిగింది. మద్దిలేటి తన బావమరిది సైకిలు తీసుకుని, చూసేవాళ్లు దండిగా ఉన్న సమయం చూసుకుని ఎక్కాడు. నాలుగు బారలు పోయి నాపరాళ్ల కుప్పలో పడ్డాడు. బావమరిది కంబగిరి అప్పటికి నిక్కర్లు వేసుకునే వయసువాడు. పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వును మద్దిలేటి ఇప్పటికీ క్షమించలేదు. ఆ తర్వాత సైకిలు ముట్టలేదు. తనకు తొక్కడం రాదన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఎవరైనా ఎక్కమంటే మోకాలు నొప్పి అనేవాడు. ఒకసారి కుడిది అనేవాడు, ఒకసారి ఎడమది అనేవాడు.

తొక్కింది ఆయన భార్య ఉసేనమ్మ. ఆడవాళ్లకు రాత్రిబడి పెట్టి, అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పిన కాలంలో ఆమె నేర్చుకుంది. అక్షరాలు సగమే వచ్చాయి, సైకిలు పూర్తిగా వచ్చింది. ఊరు గవిగట్టు. ఊరిని ఆనుకుని సున్నపురాతి కొండలు. పలకల మీద పలకలు పేర్చినట్టుండే రాయి, అంచులు కత్తుల్లా ఉంటాయి, వాననీళ్లు తొలిచిన గవులు కడుపులో దాచుకుని ఉంటుంది. ఆ కొండ నెత్తిన, పావురాల గుండం పక్కన, ఉసేనమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన చిన్న చేను ఉంది. పొద్దున్నే సద్దిమూట హ్యాండిలుకు తగిలించి ఆమె కొండ ఎక్కేది. వెనక క్యారియరు మీద మద్దిలేటి.

పెళ్లాం తొక్కుతుంటే మొగుడు వెనక కూర్చున్నాడని ఊరు నవ్వుతుంది కదా. అందుకు మద్దిలేటి ఒక ఉపాయం కనిపెట్టాడు. వెనక్కి తిరిగి కూర్చునేవాడు. ఆమె వీపుకు తన వీపు ఆనించి, ముఖం ఊరివైపు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. అలా కూర్చుంటే చూసేవాళ్లకు తాను వేరే పని మీద, వేరే బండిలో పోతున్నట్టు కనిపిస్తుందని ఆయన ధీమా. ఆ ధీమాతోనే ఆమె ఉన్నన్నాళ్లూ కొండ ఎక్కాడు.

ఉసేనమ్మ పోయింది. చేనుకు పోయి వచ్చి, దగ్గొస్తోందని పడుకుంది. లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. మద్దిలేటి దుమ్ము అన్నాడు. కొండమీది గనుల నుంచి నాపరాళ్లు మోసే లారీలు ఆ దారి పొడవునా తెల్లటి దుమ్ము లేపుతాయి. ఆ దుమ్మే తన భార్య ఊపిరి తీసిందని ఆయన తేల్చేశాడు, డాక్టరుతో మాటలు మానేశాడు. ఆమెను ఆమె చేనులోనే పెట్టారు.

ఏడాది దినానికి సమాధి మీద బండ నిలబెట్టాలి. అది ఆనవాయితీ. ఊళ్లో అందరూ మూడడుగుల బండ నిలుపుతారు. మద్దిలేటి ఆరడుగుల నాపబండ కావాలన్నాడు. రాళ్లు చెక్కే దస్తగిరి ఆయనకు పాత స్నేహితుడు. ఏమి చెక్కాలో మద్దిలేటి నోటితో చెప్పాడు: ఐదో తరగతి ఉత్తీర్ణులు, మాజీ వార్డు మెంబరు శ్రీ మద్దిలేటి గారి భార్య ఉసేనమ్మ జ్ఞాపకార్థం, ప్రతిష్ఠించినవారు శ్రీ మద్దిలేటి గారు.

దస్తగిరి ఉలి పక్కనపెట్టాడు.

"అన్నా, నీ పేరు రెండుసార్లు ఉండాది. వదినది ఒక్కసారే."

"పోయింది ఒక్కసారే గదా."

"పైన చిన్న సైకిలు బొమ్మ చెక్కనా? వదినకు పానం గదా అదంటే."

"సైకిలు చెక్కినావంటే నీ ఉలి నీ నోట్లోనే పెడతా."

దస్తగిరి సరేనన్నాడు. ఆయనకు ఇలాంటివి అలవాటే.

బండ తయారయ్యేలోపు లారీల సంగతి తేల్చాలని మద్దిలేటి జిల్లా కేంద్రంలో ఫిర్యాదుల దినానికి వెళ్లాడు. పెద్ద హాలు, వరసగా బల్లలు, ఒక్కో బల్ల వెనక ఒక్కో శాఖ. గనుల బల్ల వాళ్లు దుమ్ము మాది కాదు, రోడ్లది అన్నారు. రోడ్ల బల్ల వాళ్లు రోడ్డు మాది, దుమ్ము గాలిది అన్నారు. గాలి బల్ల వాళ్లు, కొండలో గవులున్నాయి కనుక అది పర్యాటకం అన్నారు. పర్యాటకం బల్ల చివర్న ఉంది. అక్కడికి చేరేసరికి మద్దిలేటికి మంట నెత్తికెక్కింది.

ఆ బల్ల వెనక ఉపసంచాలకులు పరాంకుశం కూర్చుని ఉన్నారు. ఆయన ఈమధ్యే విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. అక్కడ సున్నపురాతి కొండల్లో ఒక దారి చూశారు. దాని మీద ఏ బండీ తిరగదు. జనం సైకిళ్ల మీద కొండలు చూస్తూ హాయిగా పోతారు. ఆయన తొక్కలేదు, బస్సు కిటికీలోంచి చూశారు. చూసిన నాటి నుంచి తన జిల్లాలో అలాంటి కొండ కోసం వెతుకుతున్నారు. ఇంకా దొరకలేదు.

మద్దిలేటి ఆయన ముందు నిలబడి, ఐదో తరగతి గొంతుతో ఇలా అన్నాడు:

"ఆ కొండదారిన ఒక్క బండి పోగూడదు సార్. ఒక్కటి. సైకిళ్ల మీద పోయినోళ్లంతా చచ్చినారా?"

ఇది వెటకారం. గవిగట్టులో పాలు తాగే పిల్లలకు కూడా అర్థమయ్యే వెటకారం. పరాంకుశం మాత్రం లేచి నిలబడ్డారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఫిర్యాదు కాదు. ఇది దార్శనికత. క్షేత్రస్థాయి నుంచి, అట్టడుగు వర్గాల నుంచి స్వచ్ఛందంగా ఉబికి వచ్చిన ప్రజాకాంక్ష."

నెల తిరక్కముందే ఉత్తర్వు వచ్చింది. స్థానిక ప్రజానీకం ఏకగ్రీవ కోరిక మేరకు గవిగట్టు కొండదారిని 'రద్దీ రహిత గిరి సైకిల్ విహార మార్గం'గా ప్రకటించడమైనది అని అందులో ఉంది. స్థానిక ప్రజానీకం అంటే మద్దిలేటి. ఏకగ్రీవం మాత్రం నిజం. ఆయనతో ఆయనకు ఏ విషయంలోనూ భేదాభిప్రాయం లేదు.

ప్రారంభోత్సవానికి అధికారులు కార్లలో వచ్చారు. ఆ దారిన కార్లు పోవడం ఇదే ఆఖరుసారి అని చెప్పడానికి కొండ నెత్తిదాకా కార్లలోనే పోయి, అక్కడ ఫోటోలు దిగి, కార్లలోనే దిగివచ్చారు. వేదిక మీద మద్దిలేటికి శాలువా కప్పారు. 'మార్గ పితామహ' అనే బిరుదు ఇచ్చారు. గేర్ల సైకిలు ఒకటి బహూకరించారు. ఆయన దాన్ని పక్కింటివాళ్ల మేకను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి తొక్కి చూపించమని పరాంకుశం మైకులో అడిగారు. మద్దిలేటి కుడి మోకాలు నొప్పి అన్నాడు, ఎడమది పట్టుకున్నాడు. జనంలో ఎవరూ నవ్వలేదు. అది ఆయనకు కొంచెం వింతగా అనిపించింది కానీ, తన మోకాలికి ఊళ్లో అంత గౌరవం ఉందని సరిపెట్టుకున్నాడు.

లారీలు ఆగాయి. కొన్నాళ్లు కొండ మీద పావురాల చప్పుడు ఊళ్లోకి వినిపించింది. మద్దిలేటి అరుగు మీద కూర్చుని, తాను సాధించానన్నాడు. ఈ మాట ఆయన ముందు ముందు చాలాసార్లు తలుచుకోవలసి వచ్చింది.

బండ సిద్ధమైంది. ఆరడుగుల బండను ట్రాక్టరు మీద వేసుకుని కొండమొదలుకు పోయాడు. అక్కడ కొత్తగా గేటు, గేటు పక్కన గది, గది మీద కెమెరా. గేటు దగ్గర ఆకుపచ్చ యూనిఫాం వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని బావమరిది కంబగిరి. కాంట్రాక్టు ఉద్యోగం. ఇప్పుడతను తలనెరిసిన మనిషి, కూతురి కాలేజీ ఫీజు ఆ జీతంలోంచే కడుతున్నాడు.

"యాడికి బావా?"

"మీ అక్క బండ."

"ట్రాక్టరు పోగూడదు. రద్దీ కిందికి వస్తది."

"యాడుందిరా రద్దీ? నేనొక్కన్నే గదా ఉండేది."

"ఒక్కడున్నా రద్దీనే బావా. మాకు ట్రెయినింగులో అట్లనే చెప్పినారు." కంబగిరి కెమెరా వైపు కళ్లతో చూపించాడు. "ఈ రూలు ఎవరు తెప్పించినారో నీకు తెలీదా ఏమి."

మద్దిలేటి ట్రాక్టరు తిప్పించాడు. మోటారు లేని బండికి అడ్డు లేదు కనుక ఎద్దులబండి మీద తేవచ్చు. కానీ ఆ ఎక్కుడులో ఎద్దులు ఆరడుగుల బండ లాగవు. తగ్గించాలి. దస్తగిరి బండ ముందు చతికిలబడి, ఏమి తీసేద్దామన్నా అని అడిగాడు. మద్దిలేటి చాలాసేపు బండను చూసి, ఐదో తరగతి తీసేయమన్నాడు. దస్తగిరి పైభాగం కోసేశాడు.

ఎద్దులబండి గేటు దగ్గరికి వచ్చేలోపు రెండో ఉత్తర్వు వచ్చింది. రద్దీ అనగా మార్గంపై కదిలెడి, సైకిలు కానట్టి, సమస్త వస్తువులు మరియు జీవులు అని అందులో నిర్వచనం ఇచ్చారు. గోమయం సైకిలు చక్రానికి, రోడ్డు ఉపరితలానికి మధ్య గల సామరస్యాన్ని భంగపరుచుచున్నదని నిపుణుల కమిటీ తేల్చిందట. ఎద్దులు, బర్రెలు, మేకలు, కోళ్లు నిషిద్ధం. కోతులకు కూడా నోటీసు జారీ అయింది. వాటికి చదువు రాదు కనుక బొమ్మలతో బోర్డు పెట్టారు. ఆ బోర్డు కూర్చోవడానికి వీలుగా ఉండటంతో కోతులు దాన్ని వదల్లేదు.

బండిని తిప్పాడు. నలుగురు మనుషులు కర్రలకు కట్టి మోసుకుపోవాలంటే బండ మూడడుగులకు మించకూడదు. ఈసారి మాజీ వార్డు మెంబరు పోయింది. ఇది మద్దిలేటికి నొప్పి కలిగించింది. ఆ ఎన్నికలో ఆయన ఎవరూ పోటీ లేక గెలిచాడు. అయినా గెలుపే. దస్తగిరి రంపం ఆడిస్తున్నంతసేపు ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

మూడో ఉత్తర్వు నడిచేవాళ్ల మీద వచ్చింది. పాదచారులు సైకిలు వేగంతో పోల్చినప్పుడు దాదాపు నిశ్చలంగా ఉన్నందున మార్గమధ్యంలో పాతిన స్తంభాలతో సమానమని, స్తంభాలు ప్రమాదకరమని వివరించారు. ఇకమీదట దారిలో కనిపించే ప్రతి మనిషితోనూ ఒక సైకిలు ఉండి తీరాలి.

గవిగట్టు జనం ఉత్తర్వులకు ఎదురుతిరిగే జనం కాదు. సైకిళ్లు తెచ్చుకున్నారు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు ఒక చేత్తో మోపు, ఒక చేత్తో సైకిలు పట్టుకుని నడిచారు. కొండ మీది పైఊరి పెళ్లివాళ్లు పెళ్లికూతురి వెంట పూలు చుట్టిన సైకిలు నడిపించారు. ముసలివాళ్లు చక్రాలు ఊడదీసిన చట్రాలను భుజాన వేసుకుని పోయారు. పైఊళ్లో ఒక పెద్దాయన పోతే పాడె మోసే నలుగురికీ చేతులు ఖాళీ లేక, సైకిలును పాడె మీద శవం పక్కన పడుకోబెట్టి తెచ్చారు. పరాంకుశం ఆ ఫోటోను నివేదికకు జతచేసి, స్థానికులు విహార మార్గాన్ని జీవితంలోని ఆఖరి ఘట్టం వరకు ఆలింగనం చేసుకున్నారని రాశారు.

అసలు విహారానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. టోపీలు పెట్టుకుని, బిగుతు బట్టలు వేసుకుని, ఆదివారం ఆదివారం కొందరు వచ్చేవాళ్లు. చెడ్డవాళ్లు కాదు. ఒకామె మద్దిలేటి అరుగు ముందు ఆగి నీళ్లడిగింది. చెంబుడు నీళ్లిచ్చాడు. కొండ చాలా అందంగా ఉందని, దుమ్మొక్కటే భరించలేకపోతున్నామని ఆమె అన్నది.

దుమ్ము ఎలా వచ్చిందంటే, లారీలు మళ్లీ తిరుగుతున్నాయి. సైకిలు యాత్రికులు అలిసిపోతే ఎక్కించుకోవడానికి, పంక్చరు పడితే సాయపడటానికి సహాయక వాహనాలు ఉండవచ్చునని మొదటి ఉత్తర్వులోనే ఒక వెసులుబాటు ఉంది. గనుల యజమానులు ఒక్కో లారీ నెత్తిన ఒక్కో పాత సైకిలు కట్టించారు. సహాయక వాహనాలయ్యాయి. పోయేటప్పుడు సైకిలుతో పోతున్నాయి, వచ్చేటప్పుడు సైకిలుతో పాటు ఇరవై టన్నుల నాపరాళ్లతో వస్తున్నాయి. కంబగిరి ఈల ఊది, సెల్యూటు కొట్టి, గేటు ఎత్తుతున్నాడు.

లారీ డ్రైవరు ఒకడు మద్దిలేటి ఇంటిముందు ఆపి, పెద్దాయనా, బండ నేను పైకి చేరుస్తాను, ఖర్చేమీ వద్దు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"దాని మీద దుమ్ముపోసిన బండిలో దాని బండ పోదు" అన్నాడు మద్దిలేటి. డ్రైవరు ఇంకేదో చెప్పబోతే తలుపు వేసేశాడు. వేశాక, తలుపు వెనక నిలబడి, ఇప్పుడు ఏమి చేయాలా అని ఆలోచించాడు. ఇలాంటి తలుపులు ఆయన బతుకులో చాలా వేశాడు. అన్నిసార్లూ ఆలోచన తలుపు వేశాకే వచ్చింది.

సైకిలును నడిపించుకుంటూ పోవచ్చు కదా. బహుమతిగా వచ్చిన గేర్ల సైకిలు గొడ్లపాకలో ఉంది, కోళ్లు దాని మీద నిద్రపోతున్నాయి. దానికి క్యారియరు కట్టించి, బండను రెండడుగులు చేయించి, కట్టి నడిపించుకుపోదామనుకున్నాడు. 'ప్రతిష్ఠించినవారు' అన్న మాటతో పాటు ఆ కింది వరస మొత్తం పోయింది.

అప్పుడే పరాంకుశం తనిఖీకి వచ్చారు. దారి పొడవునా మనుషులున్నారు, సైకిళ్లున్నాయి, ఒక్కడూ తొక్కడం లేదు. ఆయన కారు ఆపి చాలాసేపు చూశారట. నాలుగో ఉత్తర్వు మరునాడే వచ్చింది. సైకిలు మనిషిని మోయుట ధర్మం, మనిషి సైకిలును మోయుట విపర్యయం. ఇకపై మార్గంపై ప్రతి వ్యక్తీ ఆరూఢ స్థితిలో మాత్రమే ఉండవలెను. దిగినవారిని గేటు వద్దకు తిప్పి పంపవలెను.

ఏడాది దినం దగ్గరపడింది. మద్దిలేటి జిల్లా కేంద్రానికి పోయి పరాంకుశం గది బయట బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. లోపలికి పిలిచి ఆయన కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. మార్గ పితామహులు రావడం శాఖకు శుభసూచకం అన్నారు. బండ సంగతి శ్రద్ధగా విన్నారు.

"మీ ఆవేదన మానవీయమైనది. శాఖ దానితో పూర్తిగా మమేకమవుతోంది. అయితే మినహాయింపు ఇస్తే సూత్రం దెబ్బతింటుంది, సూత్రం మీది. మీ సూత్రాన్ని మీకోసమే నేను ఉల్లంఘిస్తే చరిత్ర మనల్ని ఏమంటుంది?"

"చరిత్ర సంగతి నాకు తెలీదు సార్. నా పెండ్లాం సమాధికి బండ కావల్ల."

పరాంకుశం ఆలోచించారు. సైకిలు మీద ఒక సహయాత్రికుడు క్యారియరుపై ఆసీనుడు కావచ్చు, అతని ఒడిలో పట్టేంత సామాను ఉండవచ్చు అన్నారు. తొక్కేవారైతే సామానుకు క్యారియరు వాడరాదు, అది మనిషి కోసం. ఏది ఏమైనా సరిగ్గా ఆ ఏడాది దినం నాడే కొండ మీద రాష్ట్రస్థాయి మహాయాత్ర పెట్టుకున్నాం, మార్గ పితామహులు స్వయంగా ముందు నడిపించాలి, అంటే తొక్కాలి అన్నారు. మద్దిలేటి నోట్లో మోకాలు మాట వచ్చింది. మింగేశాడు.

తిరిగివచ్చి దస్తగిరి రాళ్ల కొట్టం వెనక సందులో గేర్ల సైకిలు ఎక్కాడు. దస్తగిరి వెనక పట్టుకున్నాడు. ఈ వయసులో ఒకడు సైకిలు నేర్చుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఎడమవైపు పడ్డాడు. కుడివైపు పడ్డాడు. ఒకసారి ఎటూ పడకుండా నేరుగా గోడలోకి పోయాడు. మోకాళ్లు రెండూ పగిలాయి. ఇన్నేళ్లుగా చెప్పుకొస్తున్న నొప్పి చివరికి నిజంగా వచ్చింది.

కింద కూర్చుని, ఎవరికీ చెప్పొద్దని దస్తగిరితో అన్నాడు. తనకు తొక్కడం రాదని ఊరికి తెలిస్తే తలెత్తుకోలేనన్నాడు.

దస్తగిరి బీడీ ముట్టించుకున్నాడు.

"ఊరికంతా తెలుసన్నా. ఎప్పటినుంచో తెలుసు."

"ఎవరు చెప్పినారు?"

"వదినే. తాను సైకిలు నేర్చుకున్న కొత్తలోనే ఇంటింటికీ పోయి చెప్పింది. మా ఆయనకు తొక్కడం రాదు, అడగాకండి, సిగ్గుపడ్తాడు అని. క్యారియరు మీద ఎనక్కి తిరిగి కూచుంటాడు, చూసినా చూడనట్టు ఉండండి, నవ్వాకండి అని." దస్తగిరి పొగ వదిలాడు. "అందుకే ఎవరమూ నవ్వలేదు. కష్టమే అయ్యేది లే."

మద్దిలేటి బట్టల మీది మట్టి దులుపుకున్నాడు. పగిలిన మోకాళ్లను చూసుకుంటూ కూర్చున్నాడు. ప్రారంభోత్సవం నాడు జనం నవ్వకపోవడం గుర్తొచ్చింది. తరువాత బండను ఒడిలో పట్టేంత చేయమన్నాడు.

దస్తగిరి కొలిచి చూశాడు. అంత చిన్న రాతి మీద శ్రీ మద్దిలేటి గారి భార్య ఉసేనమ్మ అని పట్టదు, ఒక్క పేరే పడుతుంది, ఎవరిది ఉంచమంటావు అన్నాడు.

"అడగాల్నా? నేనింకా చావలేదు గదా. దానిదే ఉంచు."

దస్తగిరి కోశాడు. ఉసేనమ్మ అన్న పేరొక్కటే మిగిలింది. కొసన కొంచెం జాగా మిగిలిందన్నా అన్నాడు. మద్దిలేటి ఉలి వైపు చూశాడు. వద్దని మాత్రం అనలేదు. దస్తగిరి ఉలి అందుకున్నాడు.

మహాయాత్ర రోజు పొద్దున గేటు దగ్గర జెండాలు, మైకులు, రంగురంగుల టోపీలు. మద్దిలేటి బండను గోనెపట్టాలో చుట్టి చంకన పెట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. గేటు దగ్గర కంబగిరి బదులు ఇంకెవరో ఉన్నారు. కంబగిరి యూనిఫాం లేకుండా వచ్చాడు. చేతిలో, ఆమె పోయాక మూలపడిపోయిన ఉసేనమ్మ పాత సైకిలు. తుప్పు గీకి, గొలుసుకు నూనె పెట్టి తెచ్చాడు.

"ఎక్కు బావా."

"నీ ఎనకనా?"

"అక్క ఎనక ఎక్కలేదా? ఎక్కు. ఎట్ల కూచుంటావో నాకు తెలుసులే."

మద్దిలేటి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. బండను ఒడిలో పెట్టుకుని, గోనెపట్టా తీసేసి, రెండు చేతులతో పట్టుకున్నాడు. వీపుకు వీపు ఆనింది. సైకిలు కదిలింది.

కొండదారి ఆయన ముందు విప్పుకుంటూ కిందికి జారిపోయింది. ఎప్పుడూ ఆయన ఈ కొండను పోయిన దారిగానే చూశాడు, పోబోయే దారిగా ఎన్నడూ చూడలేదు. పలకల రాళ్ల మీద ఎండ పడుతోంది. గుండంలోంచి పావురాలు లేచి ఊరివైపు పోయాయి. ఊరు చిన్నదైంది. రాతి మీద పేరు, పేరు కొసన చిటికెన వేలంత సైకిలు. సైకిలుకు ఒక క్యారియరు. క్యారియరు మీద ఎవరూ లేరు. దస్తగిరి అంతటితో ఊరుకున్నాడు, దానికి మద్దిలేటి సంతోషించాడు. వెనక వీపు అదురుతోంది. కంబగిరి నవ్వుతున్నాడో, రొప్పుతున్నాడో, మరొకటో ఆయన అడగలేదు.

మహాయాత్ర ఆయన వెనక వస్తోంది, అంటే ఆయనకు ఎదురుగా వస్తోంది. ముందు వరసలో పరాంకుశం. మార్గ పితామహుడు, ఉపసంచాలకులు కొండ ఎక్కినంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వచ్చింది. ఒకరు చెమటలు కక్కుతున్నారు, ఒకరు రాయి పట్టుకుని కూర్చున్నారు. రెండో మలుపు దగ్గర పరాంకుశం సైకిలు దిగి, తోసుకుంటూ నడవడం మొదలుపెట్టారు.

"కంబగిరీ, సారు దిగినాడు. నడుస్తుండాడు."

కంబగిరి వెనక్కి చూడకుండానే ఈల ఊదాడు. డ్యూటీలో లేకపోయినా ఈల మెడలోనే ఉంది. మహాయాత్ర మొత్తం ఆగింది. నాలుగో ఉత్తర్వు ప్రకారం దిగినవారు గేటు వద్దకు తిరిగి పోవాలి. పరాంకుశం నాలుగో ఉత్తర్వు ఎవరు రాశారో గుర్తుచేసుకుంటూ కాసేపు నిలబడ్డారు. ఇంతలో కింది నుంచి సహాయక వాహనం వచ్చింది. అలిసిపోయిన యాత్రికులను ఎక్కించుకోవడమే కదా దాని పని. ఆయన లారీ ఎక్కారు. లారీ గేరు మార్చుకుని, మద్దిలేటిని దాటుకుని పైకి పోయింది. దుమ్ము లేచింది. మద్దిలేటి బండ మీద ఒంగి, తన పైపంచె కొసతో పేరును కప్పాడు.

చేనులో ఇద్దరే సమాధి దగ్గర కూర్చుని మట్టి తవ్వారు. బండ నిలబెట్టారు. మిగతా ఊళ్లోవాళ్ల బండలతో పోలిస్తే అది మరీ చిన్నది. పేరు ఒక్కటే కనుక దూరం నుంచి కూడా చదవగలరు. కంబగిరి మోకాళ్ల మీద కూర్చుని దుమ్ము తుడిచాడు, తుడిచినంతసేపూ మళ్లీ పడింది. దిగేటప్పుడు మద్దిలేటి అడగకుండానే క్యారియరు ఎక్కాడు.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ ఫోటోగ్రాఫరు ఒకడు ఎక్కడో మలుపులో ఫోటో తీశాడు. వెనక్కి తిరిగి, రాతిని కావలించుకుని, ముఖం ముడుచుకుని కొండ ఎక్కుతున్న ముసలివాడు. ఆ బొమ్మను శాఖ తన చిహ్నంగా తీసుకుంది. ఐదో ఉత్తర్వు వచ్చింది. ఈ ప్రాంతపు ప్రాచీన సంప్రదాయాన్ని గౌరవిస్తూ, మార్గంపై సహయాత్రికులందరూ వెనుకకు తిరిగి, స్థానిక శిలను హృదయానికి హత్తుకుని ప్రయాణించవలెను. గేటు పక్కన నాపరాళ్లు అద్దెకిస్తున్నారు. చిన్నవి, పెద్దవి, పిల్లల సైజువి ఉన్నాయి. దూరప్రాంతాల నుంచి జనం వస్తున్నారు, రాళ్లు కావలించుకుని వెనక్కి తిరిగి కూర్చుని, లారీల దుమ్ములో కొండ ఎక్కుతున్నారు. చాలా ప్రశాంతంగా ఉందని సందర్శకుల పుస్తకంలో రాసి పోతున్నారు.

మొన్న యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధకుడు వచ్చాడు. ఈ ఆచారం ఎప్పటిది, దీని అంతరార్థమేమిటి అని మద్దిలేటిని అరుగు మీద పట్టుకుని అడిగాడు. ఉసేనమ్మ పాత సైకిలు ఆ అరుగు గోడకే ఆనించి ఉంది. మద్దిలేటి దాన్ని చూశాడు, పరిశోధకుణ్ణి చూశాడు.

"మోకాలు నొప్పి" అన్నాడు.

ఏ మోకాలు అని అడిగాడు పరిశోధకుడు.

మద్దిలేటి లేచి లోపలికి పోయాడు. ఈ సంగతి ఇంకెవరూ తన దగ్గర ఎత్తొద్దని, ఎత్తినా తాను నోరు విప్పేది లేదని గడపలోంచి చెప్పి, తలుపు వేసుకున్నాడు. ఈసారి తలుపు వెనక నిలబడి ఏమీ ఆలోచించలేదు.